నిద్ర మొక్కు

మునిశేఖర్ మదనపల్లె టమాటా మార్కెట్లో ఒక మండీలో రైటరు. అతని భార్య రేఖ కుప్పంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. కాపురం మాత్రం పుంగనూరులో, అతని అమ్మానాన్నల ఇంట్లో. వారమంతా అతనొక కొసన, ఆమె ఒక కొసన ఉండి, శనివారం రాత్రికి చెరొక బస్సు దిగి మధ్యలో కలుసుకునేవాళ్ళు. పెళ్ళయి మూడేళ్ళయినా ఆ దంపతులను కలిపి చూసినవాళ్ళు తక్కువ. విడివిడిగా చూసిన బస్సు కండక్టర్లే ఎక్కువ.

పుంగనూరు ఇంట్లో వాళ్ళకంటూ ఒక గది ఉంది. దానికి తలుపూ ఉంది, గొళ్ళెమూ ఉంది. కాకపోతే ఇంటి బీరువా ఆ గదిలోనే. వేరుశనగ మూటలు ఆ గదిలోనే. కరెంటు పోతే వేయాల్సిన ఇన్వర్టరు ఆ గదిలోనే. మేనత్త ఎర్రక్క మోకాళ్ళ నొప్పుల తైలం కూడా, ఏ శని పట్టిందో, ఆ గది గూట్లోనే. ఎర్రక్క మునిశేఖర్ తండ్రికి అక్క. మొగుడు పోయినప్పటినుంచి తమ్ముడింట్లోనే ఉంటూ, ఆ ఇంటికి తానే పెద్దదిక్కని తేల్చేసుకున్న మనిషి. ఆమె మంచం సరిగ్గా ఆ గది గోడకు అవతల ఉండేది. లోపల మొగుడూ పెళ్ళాం గొంతు తగ్గించి మాట్లాడుకుంటే అవతల దగ్గు వినబడేది. ఇంకా తగ్గిస్తే, “ఏమంటాండారో ఏమో, కొంచెం గట్టిగా మాట్లాడండమ్మా” అనే మాటే వినబడేది.

ఒక మంగళవారం మధ్యాహ్నం, లారీలకు టమాటా క్రేట్లు ఎత్తుతున్న రద్దీలో రేఖ ఫోన్ చేసింది.

“బావా, ఒక నిమిషం పక్కకు రా.”

రేఖ అతనికి మేనమామ కూతురు. కుప్పం పక్కన గుడుపల్లె పిల్ల. అందుకే ఆ బావా అనే పిలుపు, ఆ చనువు.

“మా ఆసుపత్రి క్వార్టర్సులో ఒక ఇల్లు ఖాళీ అయింది. కుటుంబంతో ఉండేవాళ్ళకే ఇస్తారంట. అది వద్దంటే నన్ను బెంగుళూరు ఆసుపత్రికి పంపిస్తామంటాండారు, రెండేండ్లకు. సోమవారం నేను ఏదో ఒకటి చెప్పాల.”

“సూస్తాంలే,” అన్నాడు మునిశేఖర్.

పెళ్ళయిన నాటినుంచి అతని నోట ఎక్కువగా వచ్చిన మాట అదే. వేరే ఇల్లు చూసుకుందామంటే సూస్తాంలే. కుప్పం పక్క పని వెతుక్కోమంటే సూస్తాంలే. మీ అమ్మకు చెప్పినావా అంటే, అమ్మకు ఒంట్లో బాగలేదు, సూస్తాంలే. మనిషి చెడ్డవాడు కాదు. పెళ్ళామంటే ప్రాణం. కానీ తల్లి ముందు నిలబడి ‘మేమిద్దరం’ అని ఒక మాట మొదలుపెట్టాలంటే నాలుక మడత పడిపోయేది. అట్లాంటి నాలుకను ఎవరైనా ఎన్నాళ్ళు భరిస్తారు?

రేఖ ఈసారి వదల్లేదు.

“సూసేది ఏం లేదు. ఒక్క రాత్రి నాతో కూర్చో. మీ ఇంట్లో కాదు, మా ఇంట్లో కాదు. మా ఆసుపత్రి సిస్టర్లంతా కొండల్లో టెంట్లు ఏసుకోని ఉండొస్తాండారు. మనమూ పోదాం. ఎవురూ తలుపు కొట్టని చోట కూర్చోని నేను అడుగుతా, నువ్వు చెప్పు. కుప్పం వస్తావా, నన్ను బెంగుళూరు పొమ్మంటావా. ఏదైనా సరే, నీ నోటితో చెప్పు.”

“అట్లే కానీ. టెంటు సంగతి నాకొదిలెయ్,” అన్నాడు.

ఆ క్షణంనుంచి మునిశేఖర్‌కు ఎక్కడలేని హుషారు పుట్టుకొచ్చింది. పెళ్ళాం అడిగినదానికి జవాబు చెప్పడం కష్టం గానీ టెంటు వెతకడం ఏం కష్టం? బేరగాళ్ళు చుట్టూ అరుస్తుంటే ఒక చేత్తో రైతుల సరుకు లెక్కల పట్టీలు రాస్తూ, ఇంకో చేత్తో ఫోన్లో కొండలు, చెరువులు చూశాడు. హార్సిలీ కొండ మీద శనివారానికి ఎక్కడా చోటు లేదు. కుప్పం పక్క అడవిలో ఏనుగులు తిరుగుతున్నాయి, రాత్రిపూట ఆ మాటే ఎత్తొద్దన్నారు. గుర్రంకొండ కోట మీద గాలి బాగుంటుందని మండీలో ఒకరంటే, చీకటి పడ్డాక అక్కడ నిన్నెవరు ఉండనిస్తారని ఇంకొకరు నవ్వారు. చివరికి సదుం దాటాక కొండల అంచున, చెరువు గట్టు కింద మామిడితోపులో, భానుప్రకాశ్ అనే యువకుడు నడిపే క్యాంపు దొరికింది.

భానుప్రకాశ్ ఫొటోలు పంపాడు. నీలం రంగు టెంటు, దాని పక్కన పసుపు రాసిన రాయి, ముందర నెగడు, వెనక కొండ. “జంటలకే అన్నా. చుట్టుపక్కల పురుగు కూడా ఉండదు,” అన్నాడు. పురుగు సంగతి ఎలా ఉన్నా, మనిషి ఉండడన్న మాట మునిశేఖర్ చెవిలో తేనె పోసినట్టుంది. రెండు మందపాటి దుప్పట్లు కొన్నాడు. టార్చి కొన్నాడు. రేఖకు ఇష్టమని బేకరీలో దిల్‌పసంద్ చెప్పిపెట్టాడు. జవాబు కూడా అతని మనసులో లేకపోలేదు. కుప్పం పోవాలనే ఉంది. దానికి దగ్గర్లోని వి.కోటలోనూ మండీలు ఉన్నాయి, పట్టీలు రాసేవాడు అక్కడా కావాలి. ఆ మాట చీకట్లో, నెగడు పక్కన, వినేవాళ్ళు లేని చోట అయితే తప్పకుండా చెప్పగలననిపించింది.

ఇక ఇంట్లో చెప్పడం ఒక్కటే మిగిలింది. శనివారం ఇద్దరూ రాకపోతే ఎందుకు రావడం లేదో చెప్పాలి కదా.

బేస్తవారం సాయంత్రం పుంగనూరు వచ్చాడు. తల్లి మునిలక్ష్మి వంటింటి గడప దగ్గర కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. తండ్రి గంగులయ్య చేని దగ్గరనుంచి తెచ్చిన డ్రిప్పు పైపుకు ఎక్కడ చిల్లి పడిందో వెతుక్కుంటున్నాడు. ఎర్రక్క మంచం మీద కాళ్ళు చాపుకుని తైలం రాసుకుంటోంది. బస్సులో దారి పొడుగునా మునిశేఖర్ వల్లె వేసుకున్నది ఒక్కటే: అమ్మా, శనివారం మేమిద్దరం టెంటులో ఉండేదానికి పోతాండాం. అందులో తప్పేముంది? లోకంలో మొగుడూ పెళ్ళాం ఒక రాత్రి బయట ఉండరా?

“అమ్మా, శనివారం మేమిద్దరం...” అన్నాడు.

ఎర్రక్క చెయ్యి మోకాలి మీదే ఆగింది. గంగులయ్య పైపు మీదనుంచి తలెత్తాడు. మునిలక్ష్మి అనపకాయ చేత్తో పట్టుకుని అలాగే చూసింది. మూడు జతల కళ్ళు మీద పడేసరికి మునిశేఖర్ కుడితిలో పడ్డ ఎలుక అయిపోయాడు.

“మేమిద్దరం సదుం పక్క ఒక కొండ కింద నిద్ర చేసేదానికి పోతాండాం. మొక్కు.”

ఆ మాట నోట్లోంచి ఎలా ఊడిపడిందో అతనికే తెలియదు. దేవుడి దగ్గర ఒక రాత్రి పడుకుని వస్తామని మొక్కుకోవడం, దాన్నే నిద్ర చేయడమనడం ఆ సీమలో ఇంటింటా ఉన్నదే. దానికి ఎవరూ అడ్డు చెప్పరు. ఇల్లు వదిలి బయట పడుకోవడానికి అంతకంటే మర్యాదైన సాకు ఇంకొకటి లేదు.

“ఏ సామికిరా?” అంది ఎర్రక్క.

భానుప్రకాశ్ పంపిన ఫొటోలో టెంటు పక్కన పసుపు రాసిన రాయి ఒకటి కనబడింది కదా, అది గుర్తొచ్చింది.

“మునీశ్వరునికి,” అన్నాడు.

మునిలక్ష్మి చాట పక్కకు పెట్టి లేచింది. కొడుకు దగ్గరికి వచ్చి తల మీద చెయ్యి వేసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెళ్ళయి మూడేళ్ళయింది, ఇంట్లో ఉయ్యాల కట్టలేదు. ఇప్పుడు కొడుకూ కోడలూ తమంతట తాము పోయి ఇంటి దేవుడికి మొక్కుకున్నారు. ఎందుకో ఎవరూ అడగలేదు. అడగకుండానే ముగ్గురికీ అర్థమైపోయింది. ఆలస్యంగా అర్థమైంది మునిశేఖర్‌కే. ఛీ, ఇంత మాట ఎందుకన్నానురా భగవంతుడా అనుకున్నాడు. అప్పటికైనా ‘అది కాదమ్మా’ అనవచ్చు. తల మీద తల్లి చెయ్యి అలాగే ఉంది. అనలేకపోయాడు.

“అయితే ఇద్దరే యాల పోవాల?” అంది ఎర్రక్క. “మునీశ్వరుని మొక్కంటే ఆటలనుకున్నావా? పొట్టేలు కొయ్యకుండా నిద్రేందిరా? నీ పుట్టెంటికల నాటి మొక్కే ఇంగా తీర్సలేదు మీ నాయన. రెండూ ఒగటిగా తీర్సేద్దాం.”

“అక్క సెప్పేది నిజమే,” అన్నాడు గంగులయ్య. ఆ ఇంట్లో ఆయన చాలావరకు చెప్పే మాట అదే.

“అత్తా, ఆడ సోటుండదు. చిన్న సోటు.”

“సామి కాడ సోటుండదా? ఏం మాట్లాడతాండావురా!”

ఎర్రక్క నోట్లో నువ్వుగింజ నానదు. ఆ రాత్రే ఫోన్లు మొదలయ్యాయి. సదుంలో ఉన్న చిన్నాయన వాళ్ళకు చెప్పకపోతే ఎలా, వాళ్ళ ఊరి మీదుగానే కదా పోయేది? చిన్నాయన వాళ్ళకు చెప్పి వాళ్ళ వియ్యపురాలికి చెప్పకపోతే ఏం బాగుంటుంది? పొట్టేలు కోసేవాడు కావాలి కాబట్టి వాడు, వాడితో పాటు వాడి పెళ్ళాం. పొయ్యి దగ్గర నిలబడే ఆడవాళ్ళు కావాలి కాబట్టి ఎదురింటి వాళ్ళు. వీళ్ళందరూ పోవడానికి టెంపో. టెంపోలో ఎలాగూ చోటుంది కాబట్టి ఇంకొంతమంది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. మునిశేఖర్ చేయబోయిన వినాయకుడు కోతుల మందై కూర్చున్నాడు.

శుక్రవారం మండీలో అతను పట్టీల మీద పేర్లు తప్పు రాశాడు. గుడిబండ రైతు సరుకు కలికిరి రైతు పేరు మీద పడింది. సేటు తిట్టాడు. ఆ తిట్లు ఒక చెవిన వింటూ, రేఖకు ఎట్లా చెప్పేది అనే ఆలోచించాడు. మధ్యాహ్నం ఇక తప్పక ఫోన్ చేశాడు.

“రేపు మనతో కొంచెం మంది వస్తాండారు.”

“ఎవురు?”

“మనోళ్ళే.”

చెప్పాల్సి వచ్చింది. మొక్కు, పొట్టేలు, టెంపో, అన్నీ. వెనక ఆసుపత్రిలో ఎవరో టోకెను నంబర్లు పిలుస్తున్న శబ్దం మాత్రం వినబడింది.

“బిడ్డ కోసమనుకున్నారా అత్త వాళ్ళు?”

“ఊఁ.”

“నెలకు నాలుగు రాత్రులు ఆ ఇంట్లో ఉంటాం. గోడవతల మీ మేనత్త. ఏ దేవుడు మాత్రం ఏం చేస్తాడు బావా?”

అతను ఫోను ఈ చెవినుంచి ఆ చెవికి మార్చుకున్నాడు.

“వస్తాను లే. నేను రాకపోతే అత్త బాధపడుతుంది. కానీ ఒకటి విను. అత్తకు నేను అబద్ధం చెప్పను. అడిగితే ఉన్నది చెప్పేస్తా,” అని పెట్టేసింది.

గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. పెళ్ళాంతో ఏకాంతంగా ఒక మాట మాట్లాడాలి. అమ్మతో పెళ్ళాం ఏకాంతంగా ఒక్క మాట మాట్లాడకుండా చూసుకోవాలి. ఆ రెండూ ఒకే తోపులో, ఒకే రాత్రి.

శనివారం సాయంత్రం టెంపో మామిడితోపులోకి వచ్చి ఆగగానే భానుప్రకాశ్ నవ్వుతూ ఎదురొచ్చాడు. తలుపు తెరుచుకుని జనం దిగుతూనే ఉండేసరికి ఆ నవ్వు మెల్లగా మాయమైంది. వంట బానలు దిగాయి. కట్టెలు దిగాయి. చివరగా, అయిష్టంగా, పొట్టేలు దిగింది.

“అన్నా, జంట అన్నావు గదా!”

“జంటే. మిగతావాళ్ళు మావాళ్ళు.”

“ఆ పొట్టేలేంది?”

“మునీశ్వరునికి.”

“ఏ మునీశ్వరుడు?”

అప్పటికే ఎర్రక్క ఇద్దరి భుజాలు పట్టుకుని కుంటుకుంటూ ఆ పసుపు రాయి దగ్గరికి చేరింది. దాని ముందు కర్పూరం వెలిగించి, చెంపలు వేసుకుంటోంది. భానుప్రకాశ్ మునిశేఖర్ చెవి దగ్గరికి వచ్చాడు.

“అన్నా, అది మా సేని గట్టురాయి. దసరాకు మా అమ్మ పసుపు రాసింది.”

“నోరు మూసుకో నాయనా, నీకు దండం పెడతా,” అన్నాడు మునిశేఖర్. ఆ సాయంత్రమంతా అతను మనస్ఫూర్తిగా పెట్టిన దండం అదొక్కటే.

రేఖ కుప్పంనుంచి నేరుగా వచ్చింది. ఆసుపత్రి బ్యాగు భుజాన, జడలో పొద్దుటి పూలు వాడిపోయి ఉన్నాయి. నీలం టెంటును ఒకసారి చూసింది. దాని తాడుకు ఎవరిదో తడి తువ్వాలు ఆరేసి ఉంది. లోపల ఉల్లిపాయల మూట పెట్టారు. ఆమె మునిశేఖర్ వంక చూసి, కొంగు దోపుకుని ఉల్లిపాయలు తరగడానికి కూర్చుంది. తిట్టినా బాగుండేదని అతనికి అనిపించింది.

అప్పటినుంచి అతను ఆమెతో ఒక్క మాట కోసం పడిన పాట్లు పగవాడికి కూడా వద్దు. చెరువు దగ్గరనుంచి నీళ్ళు తేవాలి, రేఖను తోడు రమ్మంటానంటే, “ఆ పిల్ల యాల? నేనొస్తా పద,” అని చిన్నాయన బిందె భుజానికెత్తుకున్నాడు. ఎండుపుల్లలు ఏరుకొస్తామని ఇద్దరూ నాలుగడుగులు వేశారో లేదో, ఎదురింటి ఆడవాళ్ళు టార్చి పట్టుకుని వెనకే వచ్చారు. టార్చి అతను కొన్నదే. భోజనాల దగ్గర ఆమె విస్తట్లో మాంసం వడ్డిస్తూ వంగి, “రేఖా, నేను చెప్పాలనుకునింది...” అన్నాడు. “ఒరే, ఆ పిల్లకే ఏస్తాండావు, ఈడ ఒగరు ఉండారని తెల్దా?” అని పక్క విస్తరి కేకేసింది. అందరూ నవ్వారు. మునిశేఖర్‌కు గరిట నేలకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. పక్క విస్తట్లో వడ్డించాడు.

మునిలక్ష్మి మాత్రం ఆ సాయంత్రం వేరే మనిషిలా ఉంది. అంతమందికి సంగటి కెలికి, చేతులు కడుక్కుని, గట్టు మీద కూర్చుని కొండ వంక చూస్తూ ఉండిపోయింది. కోడలిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. వాళ్ళిద్దరూ ఎక్కడ మాటల్లో పడతారోనని మునిశేఖర్ నీళ్ళనీ, తమలపాకులనీ సాకు పెట్టుకుని ఊరికే అటూ ఇటూ తిరిగాడు.

తిన్నాక పడకల సంగతి వచ్చింది. ఆకాశం నిండా చుక్కలు. నెగడు నిప్పులు కక్కుతోంది. ఇదంతా ఇద్దరి కోసమని అనుకున్నది. ఇక అందరూ పడుకుంటారు, టెంటు మాకే కదా అనుకుని మునిశేఖర్ తన కొత్త దుప్పట్లు చంకన పెట్టుకుని అటు నడిచాడు.

“యాడికిరా?” అంది ఎర్రక్క.

“పండుకునేదానికి.”

“మొక్కు నిద్రలో మొగుడూ పెండ్లాం ఒక సోట పండుకుంటారా? నిష్ఠ ఉండాల్నా వద్దా? నువ్వు సామి కాడ మీ నాయన పక్కన పండుకో. నా మోకాళ్ళు వంగవు, ఆ గుడ్డ కొట్టంలోకి నేను దూరలేను. మునిలక్ష్మీ, నువ్వూ కోడలూ దాంట్లో పండుకోండి.”

“అక్క సెప్పేది నిజమే,” అన్నాడు గంగులయ్య.

మునిశేఖర్ చేతిలోంచి దుప్పట్లు రేఖే తీసుకుంది. మునిలక్ష్మి వంగి టెంటులోకి దూరింది. వెనకే రేఖ దూరింది. జిప్పు సర్రుమని మూసుకుంది. అతను గట్టురాయి పక్కన తండ్రి గురక వింటూ పడుకున్నాడు. టెంటులో చిన్న దీపం వెలుగుతోంది. గుడ్డ మీద రెండు తలల నీడలు దగ్గరగా ఉన్నాయి. ఏం మాట్లాడుకుంటున్నారో వినబడదు. ఒకసారి రేఖ ఏడ్చినట్టు అనిపించింది, ఇంకాసేపటికి మునిలక్ష్మి నవ్వినట్టు అనిపించింది. తన తల్లి అలా నవ్వగా విని ఎన్నేళ్ళయిందో అతనికి గుర్తు రాలేదు. కోపమొచ్చింది. ఎవరి మీదనో తెలియని కోపం. చూసి చూసి తన మీదనే అని తేలింది. దాంతో నిద్ర ఇంకా దూరమైంది.

తెల్లవారింది. చెరువు గట్టున వేపపుల్ల నములుతున్న కొడుకు దగ్గరికి మునిలక్ష్మి వచ్చి నిలబడింది.

“మొక్కేం లేదంట గదా,” అంది.

వేపపుల్ల అతని నోట్లోనే ఆగిపోయింది.

“రేఖను నేనే అడిగినా. ఎప్పుడు మొక్కుకున్నారమ్మా అని. ఆ పిల్ల అబద్ధం సెప్పలేదు. దేవుని పేరు సెప్పి నన్ను ఏడిపించినావు సూడు, అది మాత్రం మర్సిపోలేను. సరే, అది వదిలెయ్. క్వార్టర్సు తీసుకోమని సెప్పినా.”

“అమ్మా...”

“కుటుంబం ఉంటేనే ఇస్తారంట గదా. నేను పోతా.”

“నువ్వా?”

“యాల, నేను కుటుంబం కాదా? గుడుపల్లె ఆడికి యెంత దూరం? నేను పుట్టిన ఊరు. పెండ్లయినాక ఆడ వరసగా రెండు రాత్రులు పండుకోలేదు నేను. పండగన్నా మీ మేనత్త పోనీలేదు, పనన్నా మీ మేనత్త పోనీలేదు. నాకూ ఆ ఇంట్లో గోడవతల దగ్గేరా శేఖరా, నీ ఒక్కనికే అనుకున్నావా? నిన్న రాత్రి నేను మాట్లాడిందంతా ఎవురూ దగ్గకుండా విన్నారు. ముప్పై ఏండ్లకు.” ఆమె కొడుకు భుజాన ఉన్న తువ్వాలు తీసుకుంది. “నువ్వు వారమంతా మదనపల్లెలోనే ఉంటావు. మీ నాయనకు వాళ్ళక్క ఉండాది. నేనూ రేఖా కుప్పంలో ఉంటాం.”

“మరి నేను?”

“నిన్ను అడిగితే సూస్తాంలే అంటావంట,” అంది మునిలక్ష్మి. అని మొహం కడుక్కోవడానికి మెట్లు దిగింది.

మునిశేఖర్ పరుగులాంటి నడకతో తోపులోకి వచ్చాడు. రేఖ టెంటు ముందర దుప్పట్లు మడత పెడుతోంది. చుట్టూ జనం ఉన్నారా లేదా అని చూసుకునే ఓపిక కూడా అతనికి లేదు.

“మనకని వచ్చిన ఇంటిని నువ్వూ అమ్మా పంచుకున్నారా? నేనేమైపోవాల? ఇదంతా నేను నీకోసం గదా చేసింది!”

“నేను నిన్ను ఇదంతా చెయ్యమని అడగలేదు బావా,” అంది రేఖ. గొంతులో కోపం లేదు, అలుపుంది. “ఒక్క మాట అడిగినా. దానికి బదులు నువ్వు టెంటు చూసినావు, టార్చి కొన్నావు, దేవుణ్ణి తెచ్చినావు, ఊరిని తెచ్చినావు. ఆ మాట మాత్రం తేలేదు. అత్తను అడిగితే ఒక్క రాత్రిలో చెప్పింది.”

“నాకు సందు దొరకలే. నిన్నంతా నీతో మాట్లాడాలనే...”

“ఇప్పుడు దొరికింది గదా.”

అతను నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే టెంపో హారను మోగింది.

“శేఖరా!” గంగులయ్య పిలిచాడు. మసిబానను రెండు చేతులా పట్టుకుని టెంపో వెనక నిలబడి ఉన్నాడు. ఎర్రక్క ముందు సీట్లో సర్దుకుని కూర్చుంది. చిన్నాయన వాళ్ళు, ఎదురింటివాళ్ళు ఎక్కుతున్నారు. “రారా, ఈ బాన ఒక సెయ్యి ఏయి. నీకు మదనపల్లె బస్సు తప్పిపోతాది.”

మునిశేఖర్ వెళ్ళి బాన రెండో చెవి పట్టుకున్నాడు. ఎత్తలేదు.

“నాయనా, నేను మదనపల్లె పోను. రేఖతో కుప్పం పోతాండా.”

“ఈ పొద్దా? రేపు మండీ గదా.”

“ఈ పొద్దే. ఇంగ ఆడే ఉంటా. వి.కోటలో పని సూసుకుంటా.”

ఎర్రక్క సీట్లోంచి మెడ తిప్పింది. గంగులయ్య కొడుకు మొహంలోకి కళ్ళు చిట్లించి చూశాడు.

“ఏందిరా, కుప్పంలో గూడా మొక్కుండాదా?”

మునిశేఖర్ బాన చెవిని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. వెనక రేఖ అడుగుల చప్పుడు వినబడింది, కానీ తిరిగి చూడలేదు. చూస్తే ఈ కాస్త ధైర్యమూ జారిపోతుందేమోనని భయం.

“మొక్కేం లేదు నాయనా. ఆడా లేదు, ఈడా లేదు. ఆ రాయి వాళ్ళ సేని గట్టురాయి. మేమిద్దరం ఒక సోట ఉండాలనుకున్నాం. ఆ మాట ఇంట్లో సెప్పలేక దేవుని పేరు సెప్పినా. రేఖ కుప్పంలో ఉండాది. అందుకే నేనూ ఆడే ఉంటా. అంతే.”

ఎర్రక్క నోరు తెరిచింది. ఆ నోటినుంచి మాట రాకపోవడం ఆ కుటుంబం చూడడం అదే మొదలు. గంగులయ్య అక్క వంక చూసి, భార్య వంక చూసి, చివరకు తోపు చివర మామిడి కొమ్మకు ఆరేసి ఉన్న పొట్టేలు తోలు వంక చూశాడు. అక్క చెప్పేది వినకుండా ఆయన తనంతట తాను ఒక మాట అన్నాడు.

“ఇది బేస్తవారమే సెప్పింటే పొట్టేలన్నా బతికేది గదరా.”